రామానుజన్ గీసిన చతురస్రం

వృత్తలేఖిని ఒకటి, అంకెలు లేని రూళ్ళబద్ద ఒకటి: ఈ రెండింటితో మాత్రమే బొమ్మలు గీయవలెనన్న నియమం ప్రాచీన గ్రీకు పండితులు పెట్టుకొన్నది. బద్దతో రెండు బిందువులను కలుపవచ్చును గాని పొడవు కొలువరాదు. వృత్తలేఖినితో వృత్తం గీయవచ్చును గాని కోణం కొలువరాదు. ఇంత బీద సామగ్రితోనే వారు సరళరేఖను కోరినన్ని సమభాగాలు చేసినారు, కోణాన్ని సగం చేసినారు, పంచభుజిని నిర్మించినారు. అయినను మూడు సమస్యలు మాత్రం వారికి లొంగలేదు. ఏ కోణాన్నయినా మూడు సమభాగాలు చేయటం ఒకటి. ఒక ఘనానికి రెట్టింపు పరిమాణం గల ఘనానికి భుజం కనుగొనటం రెండవది. ఒక వృత్తంతో సమానమైన వైశాల్యం గల చతురస్రాన్ని గీయటం మూడవది. ఈ మూడవ సమస్య అన్నింటిలోకి ప్రసిద్ధమైనది.

మన దేశంలో ఈ సమస్య యజ్ఞభూమిలో పుట్టినది. అక్కడి సాధనాలు మేకులూ త్రాడూ. వృత్తాకారంగా కట్టిన వేదికా, చతురస్రాకారంగా కట్టిన వేదికా వైశాల్యంలో సమానం కావలసి వచ్చినప్పుడు ఋత్విజులకు రేఖాగణితం అవసరమైనది. తెలుగునాట నేటికీ అనేక కుటుంబాలు అనుసరించే సూత్రం ఆపస్తంబునిది. ఆయన శుల్బసూత్రంలో వృత్తవ్యాసాన్ని పదిహేను భాగాలు చేసి, రెండు విడిచి, మిగిలిన పదమూడింటిని చతురస్రానికి భుజంగా గ్రహించే విధానమున్నది. లెక్క కట్టి చూస్తే, వృత్తపరిధికీ వ్యాసానికీ గల నిష్పత్తిని, అనగా 'పై' విలువను, సుమారు 3.004 గా గ్రహించినట్లయినది. క్రీ.శ. 499 నాటి ఆర్యభటుడు దానిని 3.1416 వరకు తెచ్చినాడు. ఇంతటి దీర్ఘచరిత్రకు 1913వ సంవత్సరంలో ఒకే ఒక పుట చేర్చిన యువకుడు, అంతకు కొన్నాళ్ళ ముందు మద్రాసు రేవు కార్యాలయంలో నెలకు ముప్పది రూపాయల గుమాస్తా. అతడే శ్రీనివాస రామానుజన్.

రామానుజన్ 1887 డిసెంబరు 22వ తేదీన ఈరోడులో మాతామహుల ఇంట జన్మించినాడు. తండ్రి శ్రీనివాసయ్యంగారు కుంభకోణంలో ఒక బట్టల వర్తకుని వద్ద గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ దేవాలయంలో భజనలు పాడేది. ఇంట ఆస్తి లేదు. ఆచారమున్నది, దైవభక్తి యున్నది. సారంగపాణి సన్నిధి వీధిలోని ఆ చిన్న ఇంటి అరుగే బాలుని చదువుకు చోటు. పలకే అతని ప్రధాన సాధనం. కాగితం కొనుక్కొనే స్తోమత లేనందువల్ల లెక్కలు పలకమీద వేసి, మోచేతితో తుడిచి, తేలిన ఫలితాన్ని మాత్రం నోటుపుస్తకంలోకి ఎక్కించే అలవాటు అతనికి ఏర్పడినది.

1897లో ప్రాథమిక పరీక్షలో జిల్లాకు ప్రథముడై, మరుసటి సంవత్సరం కుంభకోణం టౌన్ హైస్కూలులో చేరినాడు. ఏ సంఖ్యనయినా అదే సంఖ్యతో భాగిస్తే ఒకటి వస్తుందని ఉపాధ్యాయుడు చెప్పినప్పుడు, సున్నను సున్నతో భాగించినా ఒకటేనా అని అడిగినాడన్న కథ లోకప్రసిద్ధం. పదమూడేండ్ల ప్రాయానికే లోనీ వ్రాసిన త్రికోణమితి గ్రంథం అతనికి స్వాధీనమైనది. 'పై' విలువను దశాంశస్థానాల వరుసలో సహపాఠులకు అప్పజెప్పేవాడని చెప్పుకొంటారు.

1902లో మూడవ ఘాత సమీకరణాలను సాధించే పద్ధతి ఎవరో చూపగా, నాల్గవ ఘాతానికి తానే ఒక పద్ధతి కనుగొన్నాడు. ఆ ఊపులో మరుసటి సంవత్సరం అయిదవ ఘాతం మీద పడి ఓడిపోయినాడు. అట్టి సామాన్యసూత్రం అసాధ్యమని నార్వే గణితజ్ఞుడు ఆబెల్ 1824లోనే నిరూపించియున్నాడు. కుంభకోణంలోని ఆ బాలునికి ఆ సంగతి చెప్పినవారు లేరు. తన అశక్తి వల్ల ఓడిపోవటం వేరు, సాధ్యం కానిది కనుక ఓడిపోవటం వేరు. ఈ భేదం తెలియజెప్పే గురువు లేకపోవటమే ఆ బాల్యంలోని పెద్ద లోటు.

గురువుకు బదులు అతనికి ఒక పుస్తకం దొరికినది. 1903లో కార్ అనే ఆంగ్లేయుడు సంకలనం చేసిన గణితసారం అతని చేతికి వచ్చినది. పరీక్షలకు చదివేవారి కొరకు సుమారు అయిదువేల ఫలితాలను వరుసగా పేర్చిన గ్రంథమది, ఉపపత్తులు బహుస్వల్పం. ఆ ఉపపత్తులను రామానుజన్ స్వయంగా కల్పించుకొంటూ పోయినాడు. పోతూ పోతూ గ్రంథాన్ని దాటిపోయినాడు. ఫలితాన్ని చెప్పి, దానికి దారిని చెప్పకపోవటమనే అతని శైలికి మూలం ఈ గ్రంథమేనని పెద్దల అభిప్రాయం.

1904లో హైస్కూలు చదువు ముగిసినప్పుడు గణితంలో రంగనాథరావు బహుమానం లభించినది. నూటికి నూరుకన్న ఎక్కువ మార్కులకు ఈ విద్యార్థి అర్హుడన్న భావంతో ప్రధానోపాధ్యాయుడు కృష్ణస్వామి అయ్యర్ అతనిని సభకు పరిచయం చేసినాడు. విద్యార్థివేతనంతో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో ప్రవేశమైనది. ఇక అక్కడినుండి పతనమారంభమైనది. గణితం తప్ప వేరొక పుస్తకం అతడు ముట్టలేదు. ఆంగ్లవ్యాసంలో తప్పినాడు, వేతనం పోయినది. జీతం కట్టే శక్తి తండ్రికి లేదు.

1905 ఆగస్టులో, పదునేడేండ్ల వయస్సులో, రామానుజన్ ఇంట చెప్పకుండా బయలుదేరి వందల మైళ్ళ దూరాన ఉన్న విశాఖపట్టణం చేరినాడు. తెలుగుగడ్డతో అతని మొదటి పరిచయం ఈ విధంగా, ఒక పరారీగా, జరిగినది. తల్లిదండ్రులు తల్లడిల్లి వెదకించినారు. కొన్నాళ్ళకు అతడు ఇల్లు చేరినాడు. పరీక్షలో తప్పి ఇల్లు విడిచిన బాలుని కథ నేటి ఉపాధ్యాయులకు క్రొత్తది కాదు. ఆ బాలుడు తిరిగి రాకపోయి ఉంటే లోకం పోగొట్టుకొనేది ఏమిటో మాత్రం ఆనాడు ఎవ్వరికీ తెలియదు.

1906లో మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చేరి, జబ్బుపడి, ఎఫ్.ఏ. పరీక్షలో తప్పినాడు. మరుసటి సంవత్సరం ప్రైవేటుగా కూర్చుండి మళ్ళీ తప్పినాడు. గణితం నిలిపినది, శరీరశాస్త్రం వంటి ఇతర విషయాలు కూల్చినవి. దానితో పట్టానికి దారి మూసుకొనిపోయినది. 1909 జూలై 14న బాలిక జానకితో వివాహమైనది. సంసారమున్నది, సంపాదన లేదు. నోటుపుస్తకాలు మాత్రం నిండుతున్నవి.

వాటిని చంకన పెట్టుకొని అతడు ఉద్యోగం కొరకు తిరిగినాడు. 1907లో భారత గణితసంఘాన్ని స్థాపించిన వి. రామస్వామి అయ్యర్ తిరుక్కోయిలూరులో డిప్యూటీ కలెక్టరు. ఆయన ఆ పుస్తకాలు చూచి, ఈ మేధను రెవెన్యూ కచేరీలో చిన్న గుమాస్తా పనిలో పూడ్చరాదని తలచి, మద్రాసులోని మిత్రులకు పరిచయపత్రాలు వ్రాసి ఇచ్చినాడు. ఆ గొలుసులోని చివరి లంకె నెల్లూరులో ఉన్నది. అక్కడి కలెక్టరు ఆర్. రామచంద్రరావు స్వయంగా గణితాభిమాని, ఆ సంఘంలో ప్రముఖుడు.

1910 డిసెంబరులో రామానుజన్ ఆయనను కలుసుకొన్నాడు. పొట్టిగా, స్థూలంగా, మాసిన గడ్డంతో, చినిగిన నోటుపుస్తకంతో వచ్చిన ఈ యువకుని కన్నులలోని కాంతి తప్ప మొదట కలెక్టరుకు మరేదీ ఆకర్షణీయంగా కనిపించలేదు. చూపిన ఫలితాలు కొన్ని తన ఎరుకకు మించినవి. నిజమైన విద్యయో, వట్టి భ్రమయో తేల్చుకొనలేక ఆయన తొందరపడి కాదనలేదు, తొందరపడి ఔననలేదు, మళ్ళీ రమ్మన్నాడు. రామానుజన్ మళ్ళీ వచ్చినాడు. సులభమైన వాటితో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా కఠినమైన వాటికి తీసికొని పోయినాడు. ఏమి కావలెనని అడుగగా, పరిశోధన సాగించుకొనేటందుకు పొట్టకు చాలినంత ఇస్తే చాలునన్నాడు. నెల్లూరులో ఉంచితే ఈ ప్రతిభ వృథా అవుతుందని తలచి రామచంద్రరావు అతనిని మద్రాసుకు పంపి, నెలకు ఇరువది అయిదు రూపాయలు తన చేతినుండి ఇచ్చినాడు. పరీక్షలు రెండు పర్యాయాలు త్రోసివేసిన వానిని ఒక మనుష్యుడు ఓపికతో కూర్చుండి వినటం వల్ల గుర్తించగలిగినాడు. గణితచరిత్రలో నెల్లూరుకు దక్కిన గౌరవమిది.

1911లో భారత గణితసంఘ పత్రికలో బెర్నూలీ సంఖ్యలపై రామానుజన్ తొలి వ్యాసం వెలువడినది. ఒకరి దానం మీద ఎక్కువకాలం బ్రతకటం ఇష్టం లేక 1912 మార్చి 1న మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా చేరినాడు. 1913 జనవరి 16న కేంబ్రిడ్జిలోని హార్డీకి తన ఫలితాలతో ఉత్తరం వ్రాసినాడు. అంతకు ముందు వ్రాసిన ఇద్దరు ఆచార్యులవల్ల ప్రయోజనం కలుగలేదు. వారిలో హాబ్సన్ ఒకడని జీవితచరిత్రకారులు చెబుతారు. వృత్తాన్ని చతురస్రం చేసే సమస్య చరిత్రపై హాబ్సన్ గ్రంథం ఆ 1913లోనే వెలువడినది. హార్డీ మాత్రం ఆ ఉత్తరాన్ని లిటిల్‌వుడ్‌తో కలిసి పరిశీలించి దాని విలువ గ్రహించినాడు. అదే సంవత్సరం మే నెలలో మద్రాసు విశ్వవిద్యాలయం పట్టం లేని ఈ గుమాస్తాకు నెలకు డెబ్బది అయిదు రూపాయల పరిశోధకవేతనం మంజూరు చేసినది.

ఆ సంవత్సరమే గణితసంఘ పత్రికలో, 132వ పుటలో, వృత్తాన్ని చతురస్రం చేయటమన్న శీర్షికతో రామానుజన్ వ్రాసిన చిన్న వ్యాసం కనిపించినది. దానిని అర్థం చేసుకొనేటందుకు పదవ తరగతి రేఖాగణితం చాలును. విద్యార్థులు కాగితం మీద గీస్తూ చదువవచ్చును.

వృత్తానికి కేంద్రం 'మ', వ్యాసం 'కగ' అనుకొందాము. 'కమ' ను సగం చేసే బిందువు 'చ'. 'మగ' ను మూడు సమభాగాలు చేయగా 'గ' కు దగ్గరగా ఉన్న బిందువు 'ట'. 'ట' వద్ద వ్యాసానికి లంబం నిలిపితే అది వృత్తాన్ని 'ప' వద్ద తాకుతుంది. 'టప' ఎంత పొడవో అంత పొడవుగా 'గస' అనే జ్యాను గీసి, 'కస' ను కలుపవలెను. 'మ' నుండి, 'ట' నుండి 'గస' కు సమాంతరంగా గీసిన రేఖలు 'కస' ను వరుసగా 'బ' వద్ద, 'ద' వద్ద ఖండిస్తవి. ఇక 'కబ' పొడవుతో 'కర' అనే జ్యాను గీయవలెను. 'క' వద్ద స్పర్శరేఖ గీసి దానిపై 'బద' పొడవుతో 'కల' ను గుర్తించవలెను. 'గర', 'గల', 'రల' లను కలుపవలెను. 'గర' మీద 'గచ' పొడవుతో 'గవ' ను తీసికొని, 'వ' నుండి 'రల' కు సమాంతరం గీస్తే అది 'గల' ను 'శ' వద్ద తాకుతుంది. 'గశ' భుజంగా గీసిన చతురస్రం వైశాల్యంలో ఆ వృత్తానికి దాదాపు సమానం.

ఉపపత్తి అంతకన్న సులభం. వ్యాసం 1 అనుకొంటే 'టప' వర్గం, అనగా 'గస' వర్గం, 5/36. అర్ధవృత్తంలోని కోణం లంబకోణం కనుక 'కస' వర్గం 31/36. 'కబ' దానిలో సగం, 'బద' దానిలో మూడవ వంతు. కనుక వాటి వర్గాలు 31/144, 31/324. మళ్ళీ లంబకోణ త్రిభుజాలనుండి 'గర' వర్గం 113/144, 'గల' వర్గం 355/324. 'గవ' 3/4. సరూప త్రిభుజాల వల్ల 'గశ' వర్గం 355/113 లో నాల్గవ వంతు అని తేలుతుంది. వృత్తవైశాల్యం 'పై' లో నాల్గవ వంతు. 355/113 అనే భిన్నం 'పై' కి అత్యంత సమీపమైనది. ఆరు దశాంశస్థానాల వరకు సరిపోతుంది. చైనా దేశపు గణితజ్ఞుడు జు చాంగ్‌జీ అయిదవ శతాబ్దంలోనే దాని నెరుగును. వ్యాసం 12 సెంటీమీటర్లుగా గీసిన విద్యార్థికి 'గశ' సుమారు 10.6 సెంటీమీటర్లు వస్తుంది.

ఇందులో సొంపైనది ఆ భిన్నం వచ్చిన తీరు. 355 ను, 113 ను ఎక్కడా కొలిచి పెట్టలేదు. సగం చేయటం, మూడు భాగాలు చేయటం, లంబం, సమాంతరం, ఇంతే. విద్యార్థులు ప్రతిదినం చేసే పనులే ఒక క్రమంలో నడిచి ఆ రెండు సంఖ్యలను రెండు భుజాల మీద వాటంతట అవే నిలుపుతవి. ఫలితం చెప్పి దారి దాచినవాడని పేరు పొందిన రామానుజన్ ఇక్కడ దారినంతా చూపినాడు.

మరొక విశేషమున్నది. శీర్షిక వృత్తాన్ని చతురస్రం చేయటమని ఉన్నను, నిర్మాణం చివర అది ఉజ్జాయింపు మాత్రమేనని అతడు స్పష్టంగా వ్రాసినాడు. తప్పు ఎంతో కూడ చెప్పినాడు: వృత్తవైశాల్యం 1,40,000 చదరపు మైళ్ళయితే చతురస్రం భుజం ఉండవలసిన దానికన్న సుమారు ఒక అంగుళం ఎక్కువవుతుంది. 1,40,000 చదరపు మైళ్ళంటే నాటి మద్రాసు రాజధాని మొత్తానికి దాదాపు సమానం. నేటి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలు రెండింటినీ కలిపినా అంత వైశాల్యం కాదు. అంతటి చతురస్రానికి ఒక్కొక్క భుజం సుమారు 374 మైళ్ళు. అందులో తప్పు ఒక అంగుళం.

ఈ నిజాయితీకి గల విలువ తెలియవలెనంటే సమస్య చరిత్ర చూడవలెను. వృత్తాన్ని చతురస్రం చేసితిమని చెప్పుకొన్నవారు ప్రతి శతాబ్దంలోను ఉన్నారు. వారి పత్రాలతో విసిగి, ఇక అట్టి వాటిని పరిశీలించబోమని పారిస్ విజ్ఞానపరిషత్తు 1775లో తీర్మానించినది. వృత్తలేఖినితోను, బద్దతోను సాధ్యమయ్యేవి కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గమూలం; అంతకు మించి లేవు. కోణాన్ని మూడు భాగాలు చేయటం, ఘనాన్ని రెట్టింపు చేయటం ఆ హద్దు దాటినవని వాంజెల్ 1837లో నిరూపించినాడు. పూర్ణాంకాలు గుణకాలుగా గల ఏ సమీకరణానికీ 'పై' మూలం కాజాలదని 1882లో లిండెమన్ తేల్చినాడు. అనగా రామానుజన్ జన్మించటానికి అయిదేండ్ల ముందే ఆ తలుపు శాశ్వతంగా మూతపడినది. బాల్యంలో అయిదవ ఘాత సమీకరణంతో తలపడి ఓడిన రామానుజన్, ఇరువది అయిదేండ్ల వయస్సులో అసాధ్యాన్ని సాధించితినని చెప్పుకొనలేదు. ఎంత దగ్గరకు పోగలడో అంత దగ్గరకు పోయి, అక్కడ నిలిచి, మిగిలిన దూరాన్ని అంగుళంలో చెప్పినాడు.

1914 మార్చి 17న రామానుజన్ మద్రాసులో ఓడ ఎక్కినాడు. సముద్రయానానికి ఆచారం అడ్డు వచ్చినది. తల్లికి వచ్చిన స్వప్నంలో నామక్కల్ నామగిరి దేవి అనుమతించినదని చెబుతారు. ఆ సంవత్సరమే ఇంగ్లండులో 'పై' విలువను సమీపించే మార్గాలపై అతని సుప్రసిద్ధ వ్యాసం ప్రకటితమైనది. అందులోని శ్రేణులను పోలినవే నేటి గణనయంత్రాలు కోట్లాది స్థానాల వరకు 'పై' ని లెక్కించటానికి ఉపయోగపడుచున్నవి. అంతటి గహనమైన వ్యాసంలో కూడ అతడు బడిపిల్లల సాధనాలను మరువలేదు. 81 కి 361/22 కలిపి, ఆ మొత్తానికి నాల్గవ మూలం కడితే అది 'పై' కి ఎనిమిది దశాంశస్థానాల వరకు సరిపోతుంది. దీనికీ వృత్తలేఖినితో, బద్దతో నిర్మాణం చూపినాడు. వ్యాసం 8000 మైళ్ళు, అనగా దాదాపు భూగోళమంత, ఉన్నను, పరిధిలో ఆరవ వంతును గీయటంలో వచ్చే తప్పు సుమారు అంగుళంలో పన్నెండవ వంతు. మొదట ఒక రాజధానికి అంగుళం తప్పు. మరుసటి యేట భూగోళానికి అంగుళంలో ఒక చిన్న ముక్క.

తరువాతి కథ అందరికీ తెలిసినదే. హార్డీ సాహచర్యంలో అయిదేండ్లు గడిచినవి. 1916లో పరిశోధనకు కేంబ్రిడ్జి బి.ఏ. పట్టమిచ్చినది, రెండు పర్యాయాలు ఎఫ్.ఏ. తప్పిన వానికి పట్టం ఈ దారిన వచ్చినది. 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వమూ, ట్రినిటీ కళాశాల ఫెలోషిప్పూ లభించినవి. అప్పటికే దేహం శిథిలమైనది. యుద్ధకాలం, శాకాహారం దొరకని ఇబ్బంది, చలి, ఒంటరితనం కలిసి 1917 నుండి అతనిని మంచం పట్టించినవి. 1919 మార్చిలో స్వదేశం చేరినాడు. మద్రాసులో రోగశయ్య మీదనే క్రొత్త గణితం వ్రాస్తూ 1920 ఏప్రిల్ 26న, ముప్పది రెండేండ్లకు, కన్ను మూసినాడు. జానకి కుట్టుపనితో జీవనం గడిపి 1994 వరకు జీవించినది. చివరి సంవత్సరపు పత్రాలు ట్రినిటీ గ్రంథాలయంలో మరుగునపడి 1976లో ఆండ్రూస్ అనే అమెరికా గణితజ్ఞుని కంటబడినవి. 2012 నుండి డిసెంబరు 22ను మన దేశం జాతీయ గణిత దినంగా జరుపుకొనుచున్నది.

ఆ దినాన పాఠశాలలలో చిత్రపటానికి పూలదండ వేస్తారు, ఉపన్యాసాలిస్తారు. రామానుజన్ వ్రాసిన వానిలో అధికభాగం బడిపిల్లలకు అందేది కాదు. కనుక అతడు వారికి ఒక అద్భుతకథగానే మిగిలిపోతాడు. కాని 1913 నాటి ఈ ఒక్క పుట వారికి అందుతుంది. దానికి కావలసిన వృత్తలేఖినీ, బద్దా సిద్దిపేటలోని బడిపిల్లవాని కంపాసు పెట్టెలో కూడ ఉన్నవి. ఆ బొమ్మను నల్లబల్ల మీద ఒక గంటలో గీయించవచ్చును. గీసిన పిల్లవానికి రెండు సంగతులు తెలిసివస్తవి: స్వల్పమైన సాధనాలతో ఎంత దూరం పోవచ్చునో ఒకటి, దగ్గరగా ఉండటానికీ సమానం కావటానికీ మధ్య ఎంత సన్నని గీత ఉన్నను ఆ గీతను చెరపరాదన్నది రెండవది. ఉపాధ్యాయునికి తెలియవలసినది మూడవది కూడ ఉన్నది. ఆ చతురస్రాన్ని గీసిన చేయి పరీక్షాపత్రంలో రెండు పర్యాయాలు తప్పిన చేయి. నెల్లూరులో ఒక అధికారి ఓపికతో వినటం వల్ల నిలిచిన చేయి.